మాయమైన మొగుడు

"మంత్రం వెనక్కి తియ్యలేదేమే!" విరామానికి తెర పడగానే విదూషకుడు భార్య మీద విరుచుకుపడ్డాడు.

నాటకంలో ఆవిడ మంత్రగత్తె. అతన్ని మాయం చేసి, అంకం చివర మళ్లీ మనిషిని చెయ్యాలి. ఇవాళ ఆ మాటే ఎత్తలేదు. ఆ బృందానికో పట్టింపు ఉంది: వేదిక మీద మంత్రం విప్పేదాకా, మాయమైనవాడు తెర వెనక కూడా ఎవరికీ కనిపించకూడదు.

"ఎవరిదో గొంతు వినబడ్డట్టుంది అన్నయ్యా," అందావిడ పెట్టుడు ముక్కు సరిచేసుకుంటూ, మేకప్ మనిషితో.

"గాలేమోనమ్మా." అతను తాపీగా వచ్చి విదూషకుడి ఒళ్లో కూర్చున్నాడు. "కుర్చీ ఇవాళ మెత్తగా ఉందే!"

"లేవరా నాయనా! ఏమే, వీడికి చెప్పు!"

ఆవిడ అద్దంలోంచి చూపు తిప్పలేదు. "ఇంట్లో నా బతుకూ ఇంతే అన్నయ్యా. పిలిస్తే పలకరు. ఎదురుగా నిలబడితే నా వెనక గోడ కనిపిస్తుంది ఆయనకి. దానికి మంత్రం కూడా అక్కర్లేదు."

విదూషకుడు మేకప్ మనిషిని పక్కకి నెట్టి లేచాడు. ఫ్లాస్కులోంచి టీ పోశాడు. చక్కెర డబ్బా దగ్గర ఆగిపోయాడు. ఆవిడ ఎంత వేసుకుంటుందో అతనికి తెలియదు. ఒక చెంచా వేసి, కలిపి, కప్పు ఆవిడ ముందుకు చాపాడు.

"అరె, కప్పు గాల్లో తేలుతోంది!" ఆవిడ అందుకుని ఒక గుక్క తాగింది. "పెళ్లయ్యాక నేను చూసిన మొదటి మాయ ఇదే అన్నయ్యా. రేపు కూడా మంత్రం మర్చిపోతాను."

గంట మోగింది. ఆవిడ లేచి, ఎవరూ లేనివైపు తిరిగి మెల్లగా అంది:

"చక్కెర ఇంకాస్త పడాలి."