నీలం అట్ట పుస్తకం

"పుస్తకం ఆ టీచరమ్మ టేబులు సొరుగులో ఉంటుంది. నీలం అట్ట. అది తెచ్చావంటే నువ్వు నా అల్లుడివి. తేలేదనుకో, మా అమ్మాయి మొగుడివి, అంతే!" అన్నాడు మామ.

అల్లుడు సెల్లారులో మామ పెంచుతున్న మొక్కల వంక చూశాడు. మట్టి లేకుండా, పైపుల్లో పారే ఎరువునీళ్లతో లెట్యూస్ ఆకుకూర పండిస్తానని రిటైరైన రోజే మామ ప్రకటించాడు. ర్యాకులు కొన్నాడు. ఊదారంగు లైట్లు బిగించాడు. మొక్కలు మాత్రం వారం తిరక్కుండానే పసుపుపచ్చగా మారి, ఆయన మీద అలిగినట్టు తలలు వాల్చేసేవి. ఈ ఏడాదిలోగా పంట రాకపోతే సెల్లారులో కుట్టుమిషన్లు పెట్టుకుంటానని అత్తగారు తేల్చి చెప్పేసింది.

రెండు వీధుల అవతల, ఒక పాత గోడౌన్‌లో టీచరమ్మ చేసేదీ ఇదే సాగు. ఒకప్పుడు కెమిస్ట్రీ చెప్పిన మనిషి. ఆవిడ పండించిన లెట్యూస్ కోసం హోటళ్లవాళ్లు పొద్దున్నే గుమ్మం ముందు నిలబడతారు. నీళ్లలో ఏ లవణం ఎంత కలపాలో ఒక పుస్తకంలో రాసుకుందనీ, దాన్ని ఎవర్నీ చూడనివ్వదనీ మామ ఎక్కడో విన్నాడు. ఆ రోజునుంచి ఆయనకు తిండి సయించడం లేదు.

"పనికి చేరు. నమ్మకం సంపాదించు. సందు చూసి ఫొటోలు తీసుకురా."

"దొరికిపోతే?"

"నువ్వెవరో నాకు తెలీదు."

కంపెనీ మూతపడి, నాలుగు నెలలుగా అత్తవారింట్లోనే ఉంటున్న అల్లుడికి కాదనే నోరు లేదు. మర్నాడే వెళ్లి చేరాడు.

టీచరమ్మ దగ్గర పని అంత తేలిక కాదు. చెప్పులు బయట వదలాలి. తలకు టోపీ పెట్టుకోవాలి. చేతులు మోచేతులదాకా కడగాలి. పొద్దున్నే ప్రతి తొట్టిలోనూ లవణాలు కొలిచే మీటరు ముంచి అంకె రాయాలి. మొక్కను పైకి తీసి వేర్లు తెల్లగా ఉన్నాయో లేదో చూడాలి. పొడుగాటి బ్రష్షుతో పైపులు తోమాలి.

మొదటి వారంలోనే ఆవిడ పైపు చివర వేలు పెట్టి తీసి, అతని ముక్కు ముందు పెట్టింది.

"ఇదేంటి నాయనా?"

"నాచు, టీచర్."

"నీకు అది కనబళ్లేదా, దానికి నువ్వు కనబళ్లేదా?"

నమ్మకం సంపాదించాలి కదా! అల్లుడు కిక్కురుమనకుండా మళ్లీ తోమాడు. ఆ తర్వాత చెప్పకుండానే తోమాడు. అందరికంటే ముందు వచ్చేవాడు, ఆఖరి మనిషిగా వెళ్లేవాడు. సెలవడిగితే అనుమానం వస్తుందని జ్వరంలో కూడా వచ్చాడు.

"ఇంట్లో తాగిన గ్లాసు సింకులో పెట్టవు. అక్కడ పైపులు తోమొస్తున్నావా?" అని భార్య నిలదీసింది.

"అది వేరే. అది కుట్ర," అన్నాడు అల్లుడు.

ఆరు నెలలు గడిచాయి. ఒక ఉదయం టీచరమ్మ బుగ్గ పట్టుకుని వచ్చింది. పన్ను పీకించుకోవడానికి వెళ్తూ తాళాల గుత్తి అతని చేతిలో పెట్టింది.

"నువ్వున్నావుగా. నాకు బెంగలేదు."

అయినా సొరుగు తీశాడు. నీలం పుస్తకం ఉంది. అన్ని పేజీలూ ఫోన్‌లో ఫొటోలు తీసి, తీసినచోటే పెట్టేశాడు. వారం తిరిగాక నడుంనొప్పి సాకు చెప్పి మానేశాడు.

మామ కళ్లజోడు తుడుచుకుని మరీ ఫొటోలు చూశాడు. చూస్తూ చూస్తూ లేచి, మూలనున్న ఎరువు సంచీ తిరగేశాడు. పుస్తకంలో ఉన్న లెక్కే సంచీ వెనక అచ్చుగుద్దినట్టు ఉంది.

"ఆర్నెల్లు పట్టిందయ్యా నీకు, నా సంచీ వెనకున్నది నాకు తెచ్చివ్వడానికి!" అని నెత్తి కొట్టుకున్నాడు.

అల్లుడు ఆ మాట వినడం లేదు. అతని చూపు పైపుల మీద ఉంది. లోపల వేలెడు మందాన నాచు. నీళ్లు మార్చి ఎన్నాళ్లయిందో! వేర్లు టీ డికాషన్ రంగులో ఉన్నాయి. చప్పుడు చేస్తోందని మామ ఫ్యాను కూడా ఆపేశాడు.

"మామయ్యా, బ్రష్ ఉందా?" అన్నాడు.

నలభై రోజుల తర్వాత సెల్లారు పచ్చగా నిండిపోయింది. మామ ఇరుగుపొరుగును పిలిచి, "అంతా నా పద్ధతి!" అని చూపించుకున్నాడు. కుట్టుమిషన్ల మాట అత్తగారు మళ్లీ ఎత్తలేదు.

అల్లుడికి మాత్రం ముద్ద దిగడం లేదు. తాళాల గుత్తి అందించిన ఆ చెయ్యే కళ్ల ముందు కదులుతోంది. చివరికి మంచి మొక్కలు ఏరి బుట్టలో పెట్టుకుని, ఒక మధ్యాహ్నం గోడౌన్‌కి వెళ్లాడు.

లోపల ఎవరో కొత్త మనిషి, నలభై ఏళ్లవాడు, మెరిసిపోతున్న పైపునే చెమటలు కారేలా మళ్లీ తోముతున్నాడు.

"టీచర్, నేను దొంగని," అన్నాడు అల్లుడు గుమ్మంలోనే. మామ మాట, ఫొటోలు, నడుంనొప్పి అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పేశాడు. "పోలీసుల్ని పిలవండి. ఏమన్నా పడతాను."

టీచరమ్మ బుట్టలోంచి ఒక మొక్క తీసి వేర్లు చూసింది. ఒక ఆకు తుంచి నోట్లో వేసుకుంది. బాగుందన్నట్టు తలాడించింది.

"మీకు కోపం రావడం లేదా?"

ఆవిడ కొత్త మనిషి వైపు ఓరగా చూసి, గొంతు బాగా తగ్గించింది.

"మామూలుగా చేరినవాళ్లు నాలుగు రోజులకే పారిపోతున్నారు నాయనా, దొంగతనానికి వచ్చినవాడైతే ఆర్నెల్లు ఒళ్లొంచి పనిచేస్తాడని, ఆ పుస్తకం మాట మీ మామగారి చెవిన వేయించింది నేనే."