పై పండక్కి పూతరేకు

మూడో నెల పద్నాలుగు వచ్చిందంటే 3.14 పేరిట దేశమంతా పై పండగే. ఆ రోజు గుండ్రంగా లేనిదేదీ అమ్మకూడదని పైవాళ్ల ఆజ్ఞ. బొబ్బట్లూ సున్నుండలూ దర్జాగా గడప దాటుతుంటే, మంగతాయారు మడిచిన పూతరేకుల్ని మాత్రం కొట్టు గుమ్మానికి బిగించిన, సరుకు ఆకారం చూసే కన్నుమర "గుండ్రం కాదు" అంటూ ఆపేస్తోంది.

"పండగ బేరం గోదారి పాలేనే!" అన్నాడు మొగుడు గవర్రాజు.

"పైపైన చూసేదానికి పైమెరుగు చాలండీ!" అంటూ ఆమె రేకుని మడవకుండా చాపలా చుట్టి, దాని కొసని మర కంటికి ఎదురుగా పెట్టింది.

"భేషైన గుండ్రం! పై శుభాకాంక్షలు!" అంది మర. వీధంతా ఈలలేసింది.

"మరి రూట్ రెండు పండక్కో? చతురస్రాలే అమ్మాలట!" అన్నాడు గవర్రాజు.

"దీన్నే లావెంతో పొడవంతే ఉండేలా కోసి అడ్డంగా పడుకోబెడదాం. పండగ మారినా మర కన్ను అదేగా!"