ఏ పనీ ముట్టుకోకు

హలో, వినపడుతోందా? అందరికీ వందనాలు. రెండు నిమిషాలు ఫోను పక్కన పెట్టకండి.

ఒక సంఘంలో ఒక పెద్దాయన. బాప్తిస్మం కావాలంటే ఎంతవాడైనా ఆయన గదికే వచ్చి సంతకం అడుక్కోవాలి. ఎవరొచ్చినా ఆయన లేచి నిలబడింది లేదు. బైబిలు వాక్యం మొత్తం కంఠతా వచ్చు. పనావిడ పేరు మాత్రం రాదు.

ఆ పనావిడ మూడేళ్ళుగా ఆ సంతకమే అడుగుతోంది. ఆమె భర్తని సంఘం సమాధుల తోటలో పెట్టారు. పక్కన జాగా ఖాళీ. బాప్తిస్మం లేనివాళ్ళని అక్కడ పెట్టరు.

"నీకు రక్షణ ఎలా వస్తుందమ్మా?" నాలుగోసారి అడిగాడు పెద్దాయన.

"యేసయ్య దయ అయ్యగారూ. నేనూ చేతనైంది చేస్తున్నానండి..."

"అదిగో, మళ్ళీ చేస్తున్నానంటావు! చీపురు పట్టుకుని పరలోకం ఎక్కేద్దామనా? విశ్వాసం ఒక్కటే చాలు. నీ చాకిరీ ఎవడిక్కావాలి?"

ఆమె చీపురు గోడకి ఆనించింది.

"నీ బుర్రకి మాటలతో ఎక్కదు. సాయంత్రం దాకా ఈ ఇంట్లో ఏ పనీ ముట్టుకోకు. హాల్లో విశ్వాసంతో కూర్చో. అప్పుడు పెడతా సంతకం."

"ఏ పనీనా అయ్యగారూ? మరి మీకు..."

"నన్ను దేవుడు చూసుకుంటాడు. నడు!"

వెళ్ళి చేతులు కట్టుకుని కూర్చుంది. పెద్దాయన కొడుకూ కోడలూ అప్పటికే ఆఫీసులకి వెళ్ళిపోయారు.

పదింటికి గదిలోంచి దగ్గు. పదకొండింటికి కేక.

"ఏమ్మా, ఉన్నావా?"

"ఉన్నానయ్యా, విశ్వాసంతోనే ఉన్నాను."

పన్నెండింటికి పెద్దాయన పాట ఎత్తుకున్నాడు. రెండో చరణం రాకముందే ఆపేశాడు. ఒంటిగంటకి గొంతు మారింది.

"ఇక చాల్లే తల్లీ, రా."

"సాయంత్రం దాకా అన్నారు కదయ్యా. ఇప్పుడు లేస్తే మళ్ళీ పని చేసినట్టవదూ?"

"పనీ లేదు, గాడిదగుడ్డూ లేదు! ఆ కాగితం పట్రా, సంతకం పెట్టి చస్తాను!"

తెచ్చింది. గీకాడు.

ఆమె కాగితం మడిచి దాచుకుని, నడుం కింద చచ్చుబడి మూడేళ్ళుగా మంచం దిగని పెద్దాయన కిందనుంచి, పొద్దున పదింటికే తడిసిన పక్కబట్టని మెల్లగా లాగింది.

మీ సంఘం గ్రూపులో వేయండి. పెద్దలెవరైనా కోప్పడితే వాళ్ళకి విడిగా ఇంకోసారి పంపండి.