తోడు టికెట్టు

"మీతో వచ్చినాయన ఎక్కడమ్మా?"

వీల్‌చెయిర్ల గ్యాలరీలో నిలబడ్డ ముసలి గార్డు అడిగాడు.

"మంచినీళ్ళకి వెళ్ళాడు," అందామె, మైదానం మీంచి చూపు తిప్పకుండా.

ఆమె ఇంటి ముందుగదిలో కూర్చుని వాచీలు బాగుచేసే మనిషి. పదహారేళ్ళుగా కంటికి భూతద్దం, పక్కన రేడియోలో ఫుట్‌బాల్ కామెంటరీ. గోరంత చక్రాలకి అలవాటుపడ్డ ఆ కళ్ళు, ఎదురుగా అంత పచ్చటి నేల పరుచుకునేసరికి రెప్ప వెయ్యడం మరిచిపోయాయి.

"ఫైనల్ చూద్దువుగాని, వస్తావా వదినా?" అని మరిది అడిగిన రోజు, ఆమె సంబరంలో ఒకరి వాచీ ఇంకొకరికి ఇచ్చేసింది.

మరిదంటే చెల్లెలి మొగుడు. ఆమె ఉండేది వాళ్ళింట్లోనే. పదకొండేళ్ళలో అతను ఆమెని ఎక్కడికైనా రమ్మనడం అదే మొదలు.

ఆట మొదలైంది. పక్క కుర్చీ ఖాళీగానే ఉంది.

ఎదురుగా ఉన్న ఇనుప కమ్మీ గోల్‌పోస్టుకి సరిగ్గా అడ్డం పడుతోంది. ఎవరికి చెప్పాలా అని ఆమె తటపటాయిస్తుంటే గార్డు వచ్చాడు. మారు మాట్లాడకుండా బ్రేకు తీసి, బండిని జానెడు పక్కకి తిప్పి, మళ్ళీ బ్రేకు వేశాడు.

"ఇప్పుడు చూడండి."

రెండు గోల్‌పోస్టులూ కనిపించాయి.

"ఇరవై నిమిషాలైంది," అన్నాడాయన. "ఆయన నీళ్ళకి వెళ్ళలేదమ్మా. కింద మూడో వరసలో స్నేహితులతో కూర్చున్నాడు."

ఆమె వంగి చూసింది. నీలం చొక్కా. అందరికంటే గట్టిగా అరుస్తున్నాడు.

"కూర్చోనీండి. మీకేం?"

"మీ పక్కన ఉంటాడనే ఆయన్ని లోపలికి పంపింది. జనం ఒక్కసారిగా తోసుకుంటే మిమ్మల్ని కిందికి దించేదెవరు?"

ఆమె వద్దంటున్నా వినకుండా మెట్లు దిగాడు.

మరిది వచ్చాడు. మొహం కందగడ్డ అయిపోయింది.

"నలుగురిలో నా పరువు తీశాడు! దొంగని లేపినట్టు లేపాడు! నువ్వే చెప్పావా వదినా?"

ఆ గొంతు ఆమెకి తెలుసు. ఇంటికి వెళ్ళాక అది చెల్లెలి మీదికి తిరుగుతుంది. వారం రోజులు గిన్నెలు ఎగురుతాయి.

అరుపులకి సూపర్‌వైజర్ పరుగెత్తుకొచ్చాడు.

"ఏంటమ్మా గొడవ? ఈ గార్డు మిమ్మల్ని ఏమైనా అన్నాడా?"

గార్డు ఆమె వంక చూశాడు. ఉన్నదున్నట్టు చెబుతుందిలే అన్న ధీమా ఆ చూపులో.

"మా మరిదిని నేనే వెళ్ళమన్నాను," అందామె. "ఈయనే... వచ్చిందగ్గర్నించీ ప్రాణం తీస్తున్నాడు. అడక్కుండా నా బండి మీద చెయ్యి వేశాడు."

గార్డు మెడలోంచి కార్డు తీసి సూపర్‌వైజర్ చేతిలో పెట్టాడు.

"నిజమే అమ్మా. అడగాల్సింది," అన్నాడు.

మెట్లు దిగి వెళ్ళిపోయాడు. ఆమె మాత్రం తలెత్తలేదు.

మరిది ఐదు నిమిషాలు కూర్చున్నాడు. కాళ్ళు ఊపుతూ కూర్చున్నాడు. "ఇప్పుడే వస్తా వదినా" అని లేచాడు.

ఆఖరి నిమిషంలో గోల్ పడింది. స్టేడియం అంతా లేచి ఒకర్నొకరు వాటేసుకున్నారు. ఆమె చెయ్యి చాపి పక్క కుర్చీ వీపు పట్టుకుంది.

జనం పల్చబడ్డారు. తర్వాత ఎవరూ లేరు. ఎండ ఇంకా గ్యాలరీ మీదే ఉంది. ఫోన్ చేసింది.

"వదినా, జనం తోసేస్తే బస్సెక్కేశాం. అక్కడెవర్నైనా అడిగి టాక్సీ ఎక్కెయ్యి, సరేనా?"

హడావిడిలో ఫోన్ కట్ చెయ్యడం మరిచాడు.

ఎవరో పగలబడి నవ్వుతున్నారు. "వారం కిందటే టికెట్లన్నీ అయిపోతే, నీకెలా దొరికిందిరా అనుకున్నాం. మీ వదిన పుణ్యమా అని లోపల పడ్డావన్నమాట!"

"మరేమనుకున్నావ్! వీల్‌చెయిర్ ఉంటే పక్కన ఒకణ్ణి రానిస్తారు." మరిది గొంతు కూడా నవ్వుతోంది. "లేకపోతే ఆ బండి తోసుకుంటూ ఎవడొస్తాడ్రా?"

బస్సు హారన్ మోగింది. ఫోన్ దానంతటదే ఆగిపోయేదాకా ఆమె దాన్ని చెవి దగ్గరే ఉంచుకుంది.

లిఫ్టు నడిపే ఆవిడ తాళాలు పట్టుకుని వచ్చి గతుక్కుమంది.

"అయ్యో, ఇంకా ఇక్కడే ఉన్నారా? మీతో వచ్చినవాళ్ళేరి?"

"నాతో ఎవరూ రాలేదు."

ఆవిడ బండి తోస్తూ లిఫ్టులోకి తీసుకెళ్ళింది. తలుపులు మూసుకుంటుండగా ఆమె అడిగింది.

"ఇక్కడ ఒక పెద్దాయన ఉండాలి. గార్డు. ఆయనతో ఒక్క మాట చెప్పాలి."

"ఆయన ఇక రాడమ్మా. కార్డు ఇచ్చేసి వెళ్ళిపోయాడు. ఎవరో ఇలా బండిలో వచ్చినావిడే ఫిర్యాదు చేసిందట. ఏం మనసో ఏమో!"

"ఉద్యోగం... పోయిందా?"

"ఉద్యోగమేంటి! ఒక్కనాడు జీతం తీసుకుంటేగా. మ్యాచున్న రోజల్లా తనే వచ్చి, పొద్దున్నించీ ఈ గ్యాలరీలో నిలబడతాడు."

"ఎందుకు?"

"నడవలేని భార్యని ఆట చూపించడానికి తీసుకొస్తే, మెట్ల దగ్గరే వెనక్కి పంపేశారట," అందావిడ బటన్ నొక్కుతూ. "తొమ్మిదేళ్ళు కోర్టు చుట్టూ తిరిగి ఈ గ్యాలరీ కట్టించింది ఆయనేనమ్మా, తీరా కట్టేసరికి ఆవిడే లేదు."