గిటారు చెవులు

పాట అయిపోగానే శ్రీశైలం మళ్లీ గిటారు చెవులు మెలిపెడుతూ తీగలు సవరించుకోసాగాడు. సిరిసిల్ల పెళ్లి స్టేజీ మీద నిలబడి ఉన్న కల్యాణికి ఒళ్లు మండిపోయింది.

మొన్న కోరుట్లలోనూ ఇదే తంతు. ఇరవై ఏళ్లుగా జనాన్ని ఊపేస్తున్న తన గొంతు, నిన్నగాక మొన్న వచ్చిన ఈ పిల్లగాడి కోసం పాటపాటకూ ఆగాలా?

"ఆడరానమ్మ మద్దెల ఓడన్నదట!" అంది మైకులోనే. "మా గిటారు సారుకు చెవులు పిండుడొక్కటే అస్తది, కొట్టుడు రాదు!"

జనం గొల్లుమన్నారు. ఆమె మైకు పక్కకు పెట్టి, అతని దగ్గరికొచ్చి పళ్లు కొరికింది.

"ఏందిర నీ కథ? ఇంటికాడనే సదురుకొని రారాదు?"

శ్రీశైలం తల ఎత్తలేదు.

"సదురుకొనే అచ్చిన అక్కా. నీ గొంతే పైకి అందుతలేదు. పాటపాటకింత దిగుతున్నది. జనానికి తెల్వద్దని తీగలు గూడ దించుతున్న."

కింద ఎవరో ఈల వేశారు.

కల్యాణి మైకు నోటి దగ్గర పెట్టుకుని, "అయితదా కాదా, సారూ?" అని అందర్నీ మళ్లీ నవ్వించింది.

తర్వాత మైకును అరచేత్తో గట్టిగా మూసి, అతని మీదికి వంగింది.

"ఇంకింత దించు, తమ్మీ."