మూడో భాగం

సెందాయ్ ఆసుపత్రిలోకి ఓరియే వచ్చేసరికి కిసబురో రెండో భాగం సగంలో ఉన్నాడు. మూడు భాగాల ఆ హత్య నవల చదవమని అతనికి చెప్పింది ఆమే. ఆమె టీ దుకాణంలో శనివారాలు చదువరులు చేరి, నచ్చిన పుస్తకాలు ఒకరికొకరు ఇచ్చుకునేవారు. ఎవరైనా నోరు జారి ముగింపు చెప్పేస్తే వాళ్ళకు మళ్ళీ టీ పోసేది కాదు.

"మూడో భాగం తెచ్చారా?"

"ముందు అది కానివ్వండి. నత్త మీకంటే నయం."

"ఈ మందులకు కళ్ళు మూతలు పడుతున్నాయండీ. కడుపులో పుండు మాననివ్వండి, చూపిస్తా. చెర్రీలు పూసేసరికి ఇంటికెళ్ళిపోవచ్చంటోంది మా ఆవిడ."

అంతకుముందే డాక్టరు అతని భార్యను ఒక్కదాన్నే గదిలోకి పిలిచి మాట్లాడాడు. అప్పట్లో ఏ రోగి విషయంలోనైనా అంతే, జబ్బు పేరు ఇంటివాళ్ళకే చెప్పేవారు. ఆవిడ అది ఓరియేతో చెప్పుకుంది.

ఓరియే కమలాపండు ఒలుస్తూ కూర్చుంది.

"చంపింది మరదలే కదూ?" కిసబురో ఉడికించాడు. "తలూపినా చాలు."

"కాదు," అంది ఓరియే. "పడవ నడిపే ముసలాయన. కూతురి కోసం చంపాడు."

అతను నవ్వబోయి, ఆమె ముఖం చూసి ఆగిపోయాడు. పుస్తకం మెల్లగా మూశాడు. ఆమె ఒక తొన తీసి అతని చేతిలో పెట్టింది.

వరండాలో భార్య చెప్పుల చప్పుడు వినిపించింది.

"నాకు తెలిసిపోయిందని ఆవిడతో అనకండి," అన్నాడు గొంతు తగ్గించి. "పుండేనని చెప్పడానికి రోజూ ఎంత అవస్థ పడుతోందో పాపం."

పుస్తకం మళ్ళీ సగంలో తెరిచి పట్టుకున్నాడు.