రెండు సిమెంటు బిళ్ళలు

"పంటి సిమెంటు గట్టిపడ్డానికి లైటు ఇరవై సెకన్లు పట్టి నలుగురి పళ్ళు మాడ్చేసింది, మొద్దు! నాకైతే మూడు సెకన్లు చాలు," అన్నాడు పళ్ళ డాక్టరు జయకృష్ణ, నర్సు రావమ్మను చూపిస్తూ.

రావమ్మ తల దించుకుంది. కుర్చీలో పేషెంటు వీరరాఘవయ్య నోరు తెరుచుకునే వింటున్నాడు.

ల్యాబు నుంచి వచ్చిన పూజిత రిపోర్టు తీసింది. "తప్పెవరిదో తేల్చమని మీరిద్దరూ ఎవరి లెక్కన వాళ్ళు లైటు పట్టి పంపిన సిమెంటు బిళ్ళల్ని చెరో గిన్నెలో, బతికున్న చిగుళ్ళ కణాల మీద పెట్టామండి. ఒక గిన్నెలో అన్నీ చచ్చిపోయాయి."

"విన్నావా రావమ్మా? రేపట్నుంచి మీ ఊరు తిరువూరులో గేదెలు కాసుకో!"

"చచ్చినవి మీ గిన్నెలోవండి. లైటు చాలక సిమెంటు గట్టిపడలేదు. పచ్చి మందు కారి కణాల్ని చంపేసింది. రావమ్మగారివి నిక్షేపంగా ఉన్నాయి."

జయకృష్ణ నవ్వు ఆగిపోయింది. విస్సన్నపేట నుంచి ఆ నలుగురూ వచ్చిన రోజు, ఆలస్యమవుతోందని రావమ్మ చేతిలో లైటు లాక్కుని, మూడేసి సెకన్లతో సరిపెట్టింది తనే.

"గిన్నెలో కణాలు నాకు వైద్యం నేర్పుతాయా?" అని కసిరి, మళ్ళీ లైటు అందుకున్నాడు.

వీరరాఘవయ్య టక్కున నోరు మూసేశాడు. పళ్ళ సందుల్లోంచే అన్నాడు.

"తమరు పక్కకి జరగండి డాక్టరుగారూ. అమ్మా, నువ్వు రా."